‘ముగ్గురు’ అనాలా, ‘మూడు’ అనాలా: త్రిత్వం తగువులో మన వ్యాకరణం వాటా

గుణుపూర్ దాటాక వంశధార ఒడ్డునున్న ఒక ఊళ్లో రెండేళ్ల కిందట ఉజ్జీవ సభ పెట్టారు. ప్రసంగీకుడు పార్వతీపురం నుంచి వచ్చాడు. ఆయనకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ముందు వరసల్లో తెలుగువాళ్లు, వెనక ఒడియావాళ్లు, సవరలు కూర్చున్నారు. పక్కన రెండో మైకు పట్టుకుని ఒడియాలోకి చెప్పేవాణ్ని నేను. ఆయన గొంతు పెంచి “యేసే దేవుడు!” అన్నాడు. నేనూ అదే ఊపులో “జీశు హిఁ ఈశ్వర!” అన్నాను. జనం హల్లెలూయ కొట్టారు.

సభ అయ్యాక విస్తరాకుల్లో పులిహోర పెడుతుంటే ఒక ఒడియా పెద్దాయన నా పక్కన చతికిలపడ్డాడు. “బాబూ, యేసు ఒక్కడే దేవుడైతే గెత్సేమనే తోటలో ఆయన ఎవరికి మొక్కుకున్నాడు?” అని అడిగాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వెళ్లి ప్రసంగీకుణ్ని అడిగితే ఆయన కంగారుపడ్డాడు. “యేసు దేవుడని గట్టిగా చెప్పాను, అంతే. తండ్రి దేవుడు కాదని నేనెక్కడన్నాను?”

నిజమే, అనలేదు. తెలుగులో మాట చివర ‘ఏ’ చేరిస్తే రెండు పనులు చేస్తుంది. ఒక్కోసారి గట్టిగా చెప్పడానికి, ఒక్కోసారి ‘ఇంకెవరూ కాదు’ అని తలుపు వేయడానికి. ఒడియా ‘హిఁ’ కూడా అంతే. ఆయన మొదటి అర్థంలో అన్నాడు, పెద్దాయన రెండో అర్థంలో విన్నాడు. రెండో అర్థంలోనే నమ్మే సంఘాలు రాయగడ, గజపతి జిల్లాల్లో ఉన్నాయి. ‘యేసు’ దగ్గర కాదు, ‘తండ్రే దేవుడు’ అని తండ్రి దగ్గర ఆ ‘ఏ’ పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఫోన్లలో తెలుగు డిబేట్లు గంటలకొద్దీ నడుస్తున్నాయి. కుమారుడు దేవుడేనా అని బిషప్పులు కూర్చుని తేల్చిన నీకయ సభ జరిగి 2025తో 1700 ఏళ్లు నిండడంతో పాత గొడవ మళ్లీ వేడెక్కింది. రాయగడ స్టేషన్ బయట టీ తాగడానికి నిలబడితే పక్క బెంచీ మీద ఎవరో ఒకరు ఇయర్‌ఫోన్ లేకుండా ఆ డిబేట్ వింటూ ఉంటారు. ఇంతకీ వాదన దేని మీద?

ముందు మాటలు: త్రిత్వం, త్రియేకం, వ్యక్తి

త్రిత్వం అంటే మూడై ఉండటం. త్రియేకం అంటే మూడుగా ఉంటూనే ఒకటై ఉండటం. ప్రార్థనలో ఎక్కువగా వినబడేది ‘త్రియేక దేవా’. పాఠాల్లో, పుస్తకాల్లో ‘త్రిత్వ సిద్ధాంతం’ అంటారు. కథోలికులు ‘పిత, పుత్ర, పవిత్రాత్మ’ అంటే ప్రొటెస్టెంట్లు ‘తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ’ అంటారు. పేర్లే వేరు, సిద్ధాంతం ఒకటే. మన వైపున్న కథోలిక సంఘం, జయపురం లూథరన్ సంఘం, ఉత్తర భారత సంఘం, బాప్టిస్టులు, పెంతెకొస్తుల్లో ఎక్కువమంది దీన్నే నమ్ముతారు.

సిద్ధాంతం చెప్పేది ఇది: దేవుడు ఒక్కడే. ఆ ఒక్క దైవత్వంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురు వ్యక్తులు. ఒకరు ఇంకొకరు కారు. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ కారు.

‘వ్యక్తి’ అనగానే మనకు ఆధార్ కార్డున్న మనిషి గుర్తొస్తాడు. ముగ్గురు వ్యక్తులంటే ముగ్గురు మనుషులు, మూడు బుర్రలు, మూడు ఇష్టాలు. పాతకాలపు వేదాంతులు ఆ అర్థంలో వాడలేదు. సంస్కృతంలో వ్యక్తి అంటే వ్యక్తమైనది, బయటపడింది అనే అర్థమూ ఉంది. అలా తీసుకుంటే ఒకే దేవుడు మూడు రకాలుగా బయటపడ్డాడన్న ఇంకో వైపుకు జారిపోతాం. తెలుగులో ఈ సిద్ధాంతానికి ఇంతకంటే మంచి మాట ఇంకా దొరకలేదు. పరవాలేదు, లాటిన్‌లోనూ దొరకలేదు. లాటిన్‌లో రాసిన వేదాంతి అగస్టీను అయిదో శతాబ్దంలోనే ఒప్పుకున్నాడు: ‘ముగ్గురు ఏమిటి?’ అని అడిగితే మనిషి మాటకు కరువొస్తుందట. ‘ముగ్గురు వ్యక్తులు’ అంటున్నది అదే సరైన మాట అని కాదు, ఊరుకోకుండా ఉండటానికని.

ఏడు వాక్యాలు: ఏది వదిలితే ఎక్కడికి చేరతాం

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. తండ్రి దేవుడు. కుమారుడు దేవుడు. పరిశుద్ధాత్మ దేవుడు. తండ్రి కుమారుడు కాడు. కుమారుడు పరిశుద్ధాత్మ కాడు. పరిశుద్ధాత్మ తండ్రి కాడు. దేవుడు ఒక్కడే.

త్రిత్వవాది ఈ ఏడింటినీ పట్టుకుంటాడు. వినేవాడికి లెక్క తప్పినట్టు అనిపిస్తుంది, అనిపించడం సహజమే. మూడు రూపాయి బిళ్లలు మూడు రూపాయలే, ఒక రూపాయి ఎలా అవుతుంది? రెండు వేల ఏళ్ల తగువంతా ఈ ఏడింటిలో ఏదో ఒకటి సడలిస్తే లెక్క కుదురుతుందని ఒకరు, ఏదీ సడలించకూడదని ఇంకొకరు చేసిన వాదనే.

మధ్యనున్న ‘కాడు’ వాక్యాలు మూడూ తీసేస్తే తండ్రీ కుమారుడూ ఆత్మా ఒకరే, పేర్లు మూడు. మూడో శతాబ్దంలో రోములో సబెల్లియస్ చెప్పాడంటారే, అది ఇదే. ఇప్పటి ‘జీసస్ ఓన్లీ’ సంఘాలు ఈ దారిలో ఉన్నాయి. రెండో, మూడో వాక్యాలను సడలిస్తే కుమారుడు దేవుడికి దగ్గరివాడు, గొప్పవాడు, కానీ సృష్టి. నాలుగో శతాబ్దపు అరియస్ దారి అది, యెహోవాసాక్షులది కూడా. చివరి వాక్యం వదిలేస్తే ముగ్గురు దేవుళ్లు. దీన్ని ఏ సంఘమూ నోటితో ఒప్పుకోదు. కానీ మామూలు విశ్వాసి మనసులో ఉండేది తరచూ ఇదేనని నా అనుమానం.

తెలుగులో ఇంకో ఇబ్బంది. ‘తండ్రి దేవుడు’ అనే వాక్యంలో క్రియ లేదు. ‘ఆయన మాస్టారు’ అంటాం, ‘ఆయన మా నాన్న’ అంటాం. వాక్యాలు చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. మాస్టార్లు ఎంతమందైనా ఉండొచ్చు, మా నాన్న ఒక్కడే. ‘దేవుడు’ అన్నది మాస్టారు లాంటి మాటా, మా నాన్న లాంటి మాటా? మొదటిదైతే దైవత్వం ముగ్గురికీ ఉన్న స్వభావం. రెండోదైతే అది ఒకరి గుర్తింపు, ఇంకొకరికి చెల్లదు. త్రిత్వవాది మొదటి అర్థంలో చెబుతాడు. వ్యతిరేకించేవాడు రెండో అర్థంలో విని “మరి ముగ్గురు ఎలా?” అంటాడు. డిబేట్లలో సగం టైం ఇక్కడే పోతుంది.

అయితే వ్యతిరేకి ఊరుకోడు. ముగ్గురు మాస్టార్లంటే ముగ్గురే కదా, అలాగే ముగ్గురు దేవుళ్లు అనాలి కదా? ఈ ప్రశ్న నాలుగో శతాబ్దంలోనే నిస్సా బిషప్పు గ్రెగొరీని అడిగారు. పేతురు, యాకోబు, యోహాను ముగ్గురికీ ఉన్నది మానవ స్వభావమే, వాళ్లను ముగ్గురు మనుషులంటాం, మరి ఇక్కడెందుకు అనకూడదు? ఆయన జవాబు రెండు భాగాలు. ఒకటి, ‘ముగ్గురు మనుషులు’ అనడమే మన అలవాటు తప్పు, స్వభావం ఒకటే కదా అన్నాడు. ఇది ఎవరికీ అంతగా ఎక్కలేదు, నాకూ ఎక్కలేదు. రెండోది బలమైనది: ముగ్గురు మాస్టార్లు మూడు క్లాసుల్లో మూడు వేరు వేరు పాఠాలు చెబుతారు. తండ్రి, కుమారుడు, ఆత్మ అలా విడివిడిగా ఏ పనీ చేయరు. తండ్రి నుంచి మొదలై కుమారుని ద్వారా సాగి ఆత్మలో పూర్తయ్యేది ఒకే పని. పని విడదీయలేనప్పుడు చేసేవాణ్ని ముగ్గురు దేవుళ్లుగా లెక్కపెట్టలేం.

నీళ్ల ఉదాహరణ యొర్దానులో ఎందుకు మునుగుతుంది

సండే స్కూల్లో చెప్పే మొదటి ఉదాహరణ నీళ్లు. గడ్డకడితే ఐసు, కాస్తే ఆవిరి, మామూలుగా నీళ్లు. ఒకటే పదార్థం, మూడు రూపాలు. పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. ఇంకోటి: ఒకే మనిషి ఇంట్లో నాన్న, ఆఫీసులో గుమాస్తా, అత్తారింట్లో అల్లుడు.

ఇప్పుడు మత్తయి 3వ అధ్యాయం తెరవండి. యొర్దాను నదిలో బాప్తిస్మం తీసుకుని యేసు నీళ్లలోంచి పైకి వస్తున్నాడు. ఆత్మ పావురంలా దిగుతోంది. ఆకాశం నుంచి “ఈయనే నా ప్రియ కుమారుడు” అని స్వరం. ఒకే క్షణంలో ముగ్గురూ ఉన్నారు. ఆ చెంబుడు నీళ్లే ఒకేసారి ఐసుగా, ఆవిరిగా, నీళ్లుగా ఉండి, ఐసును చూసి ఆవిరి ‘ఇది నాకిష్టం’ అనాలి. ఉదాహరణ అక్కడితో సరి. పైగా అది త్రిత్వానికి ఉదాహరణ కాదు, సబెల్లియస్ చెప్పినదానికి చక్కని ఉదాహరణ. త్రిత్వాన్ని సమర్థించే పాస్టర్లే బోర్డు మీద ఐసు గడ్డ గీసి అవతలి సిద్ధాంతం నేర్పడం నేను చాలాసార్లు చూశాను.

గుడ్డు ఉదాహరణ ఇంకో వైపు పోతుంది. పెంకు, తెల్లసొన, పచ్చసొన కలిస్తే గుడ్డు, పెంకు ఒక్కటే గుడ్డు కాదు. త్రిత్వంలో తండ్రి దేవుడిలో మూడో వంతు కాదు. ‘ఒకే ఇంటిపేరున్న ముగ్గురు అన్నదమ్ములు’ అంటే ముగ్గురు దేవుళ్ల దగ్గరికి వచ్చేస్తాం.

యొర్దాను దృశ్యానికి ‘జీసస్ ఓన్లీ’ వాళ్ల జవాబూ వినాలి. దేవుడు అంతటా ఉంటాడు. శరీరంలో యేసుగా నది ఒడ్డున ఉంటూనే పైనుంచి మాట్లాడగలడు, అందుకు ఇంకో వ్యక్తి అక్కర్లేదు. ‘కుమారుడు’ అనేది ఆయన మనుష్యత్వానికి పేరు, ఆయనలోని దైవత్వమే తండ్రి. గెత్సేమనేలో మొక్కుకున్నది ఆ మనుష్యత్వం. పులిహోర దగ్గర పెద్దాయనకు వాళ్లయితే ఈ జవాబే ఇచ్చేవారు. వాళ్ల చేతిలో వచనాలూ ఉన్నాయి: యెషయా 9:6లో పుట్టబోయే కుమారునికి ‘నిత్యుడగు తండ్రి’ అని పేరు. యోహాను 14:9లో ‘నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు’. త్రిత్వవాది అడిగేది: మనుష్యత్వం ప్రార్థించగలదా? ప్రార్థించేది స్వభావం కాదు, ఎవరో ఒకరు. యోహాను 17లో ‘లోకము పుట్టకమునుపు నీయొద్ద నాకు ఉండిన మహిమ’ అన్న మాట మనుష్యత్వానికి ఎలా కుదురుతుంది? అప్పటికి ఆ శరీరమే లేదు కదా.

ఈ ఉద్యమం అంత పాతది కాదు. 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర జరిగిన పెంతెకొస్తు శిబిరంలో యేసు నామంలో బాప్తిస్మం గురించి మొదలైన మాట రెండు మూడేళ్లలో ఆ ఉద్యమాన్నే చీల్చింది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ త్రిత్వాన్ని తమ మూల విశ్వాసాల్లో రాసుకుంటే, ఒప్పుకోనివాళ్లు బయటికి వెళ్లిపోయారు.

‘తండ్రి నాకంటె గొప్పవాడు’: అరియస్ వాదన

అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘ పెద్ద ఉండేవాడు. పడవవాళ్లకు, తిరగలి విసిరేవాళ్లకు, బాటసారులకు పాటలు కట్టి తన సిద్ధాంతాన్ని వాళ్ల నోళ్లలో పెట్టాడంటారు. ఆ సిద్ధాంతం తేలిగ్గా అర్థమయ్యేది. తండ్రి ముందు, కొడుకు తర్వాత. పుట్టినవాడికి పుట్టక ముందు ఒకటుంటుంది. కాబట్టి కుమారుడు లేని సమయం ఉండేది. ఆయన అన్నిటికంటే ముందు సృజింపబడ్డాడు, మిగతాదంతా ఆయన ద్వారా కలిగింది.

దీనికి వచనాల కొరత లేదు. ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ (యోహాను 14:28). ఆ దినమూ ఆ గడియా కుమారునికి కూడా తెలియదు (మార్కు 13:32). ‘సర్వసృష్టికి ఆదిసంభూతుడు’ (కొలొస్సయి 1:15). యోహాను 17:3లో తండ్రితో యేసే స్వయంగా ‘అద్వితీయ సత్యదేవుడవైన నిన్ను’ అంటాడు. యెహోవాసాక్షులు ఈనాడు తలుపు కొట్టి చూపించేవి ఇవే. అరియస్‌కూ వాళ్లకూ తేడాలున్నాయి. యేసే ప్రధానదూతయైన మిఖాయేలు అని సాక్షులు నమ్ముతారు. పరిశుద్ధాత్మను వ్యక్తిగా కాక దేవుని శక్తిగా చూస్తారు. అందుకే వాళ్ల తెలుగు బైబిల్‌లో ఆ చోట ‘పవిత్రశక్తి’ అని ఉంటుంది.

త్రిత్వవాదులు ఎదురు పెట్టేవి: ‘వాక్యము దేవుడై యుండెను’ (యోహాను 1:1), తోమా నోట ‘నా ప్రభువా, నా దేవా’ (20:28). ‘గొప్పవాడు’ అన్నది స్థానాన్ని బట్టి, స్వభావాన్ని బట్టి కాదు, ఫిలిప్పీ 2లో చెప్పినట్టు తగ్గించుకుని వచ్చినవాడి మాట అది అంటారు. ‘ఆదిసంభూతుడు’ అంటే మొదట పుట్టినవాడు అని కాక వారసత్వపు హక్కున్నవాడని, కీర్తన 89లో దావీదును జ్యేష్ఠునిగా చేస్తానన్న మాట చూపిస్తారు. దావీదు ఇంట్లో అందరికంటే చిన్నవాడు కదా.

‘ముందు తండ్రి, తర్వాత కొడుకు’ అన్నదానికి అరియస్‌ను ఎదిరించిన అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ ఇచ్చిన జవాబు సూర్యుడూ వెలుగూ. వెలుగు సూర్యుడి నుంచే వస్తుంది, అయినా సూర్యుడు ముందు పుట్టి వెలుగు తర్వాత పుట్టలేదు. ఇక్కడో తేడా గమనించాలి. కుమ్మరి కుండను చేస్తాడు, కొడుకును కంటాడు. చేసింది కుమ్మరి జాతి కాదు, కన్నది అతని జాతే. నీకయ ప్రమాణంలో (ఆ సభ రాసుకున్న విశ్వాస ప్రకటనలో) ‘పుట్టినవాడు, చేయబడినవాడు కాడు’ అన్న మాట వెనక ఉన్నది ఈ తేడాయే. అరియస్ వైపు నుంచి చూస్తే ఇది ఉపమానంలో అనుకూలమైన సగాన్ని తీసుకోవడం. కన్నదంటే కాలం కూడా ఉండాలి కదా, దాన్ని మాత్రం ఎందుకు వదిలేశారు? ఈ ప్రశ్న న్యాయమైనదే. కాలమే సృష్టి కాబట్టి దానికి బయట ‘ముందు వెనక’ లేవన్నది త్రిత్వవాదుల సమాధానం.

నీకయలో ఏం జరిగింది, ఏం జరగలేదు

‘త్రిత్వాన్ని చక్రవర్తి కాన్‌స్టాంటైన్ నీకయలో పుట్టించాడు’ అనేది ఫోన్లలో అందరికంటే ఎక్కువ తిరిగే వాక్యం. సగం సగం నిజాలతో అల్లింది కాబట్టి విడదీసి చూడాలి.

సభ జరిగింది 325లో. ఊరు ఇప్పటి తుర్కియేలోని ఇజ్నిక్. పిలిచింది చక్రవర్తే. వచ్చిన బిషప్పులు సుమారు 300 మంది. తేల్చింది ముఖ్యంగా ఒక్క ప్రశ్న: కుమారుడు తండ్రితో ‘హోమోఊసియోస్’, అంటే ఒకే సారం గలవాడు. ఒప్పుకోని అరియస్‌నూ, సంతకం చేయని ఇద్దరు బిషప్పులనూ బహిష్కరించారు. పరిశుద్ధాత్మ గురించి ఆ ప్రమాణంలో ‘పరిశుద్ధాత్మను కూడా నమ్ముచున్నాము’ అన్నంతే ఉంది. త్రిత్వం అన్న మాటే లేదు. ఆ మాట అంతకు ముందే ఉంది. గ్రీకులో 180 ప్రాంతంలో అంతియొకయ థియోఫిలస్, లాటిన్‌లో మూడో శతాబ్దం మొదట్లో తెర్తుల్లియన్ వాడారు.

తర్వాత కథ తిరగబడింది. కాన్‌స్టాంటైన్ 337లో చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకున్నది అరియస్‌ను వెనకేసుకొచ్చిన బిషప్పు చేతిలో. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ నీకయ వ్యతిరేకుల పక్షం. నీకయను పట్టుకున్న అతనాసియస్ అయిదు సార్లు దేశబహిష్కరణకు వెళ్లాడు. ఒక వర్గం రాజీకి ‘హోమోయిఊసియోస్’, అంటే పోలిన సారం, అనే మాట తెచ్చింది. రెంటికీ గ్రీకులో తేడా ‘ఇ’ అనే ఒక్క అక్షరం. మన ఏత్వంలాగే. చివరికి 380లో థియొడోసియస్ చక్రవర్తి ఆజ్ఞ, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నీకయ వైపు నిలిచాయి. ఆత్మ గురించిన వాక్యాలు అప్పుడు చేరాయి. కాబట్టి సింహాసనం ఒక పక్షానికే పనిచేసిందనడం తప్పు. సింహాసనం అక్కర్లేకుండానే ఇది తేలిందనడమూ తప్పే.

ఆ రోజుల్లో కాన్‌స్టాంటినోపుల్ బజారు ఎలా ఉండేదో నిస్సా గ్రెగొరీ ఒక ప్రసంగంలో చెప్పాడు. చిల్లర అడిగితే షరాబు పుట్టినవాడూ పుట్టనివాడూ అని ఉపన్యాసం మొదలెడతాడు. రొట్టె ధర అడిగితే తండ్రి గొప్ప, కుమారుడు లోబడినవాడు అంటాడు. స్నానానికి నీళ్లు కాగాయా అంటే కుమారుడు శూన్యం నుంచి కలిగాడంటాడు. రాయగడ స్టేషన్ బయట టీ బెంచీకి పదహారు వందల ఏళ్ల కిందటి పెద్దన్న.

గ్రీకులో, లాటిన్‌లో ఒకే మాట, రెండు అర్థాలు

ఇంతమంది పండితులకు ఇంత కాలం ఎందుకు పట్టింది? కారణాల్లో ఒకటి దుబాసీలకు బాగా తెలిసినదే. గ్రీకువాళ్లు ‘మూడు హుపొస్టాసిస్’ అన్నారు. ఆ మాటను ముక్కకు ముక్క లాటిన్ చేస్తే ‘సబ్‌స్టాన్షియా’, అంటే సారం. లాటిన్‌వాళ్లకు ‘మూడు సారాలు’ అని వినబడింది, ముగ్గురు దేవుళ్లంటున్నారని బెదిరారు. లాటిన్‌వాళ్లు ‘మూడు పెర్సోనా’ అన్నారు. పెర్సోనా అంటే నాటకంలో ముఖానికి పెట్టుకునే మాస్కు కూడా. గ్రీకులకు ‘ఒకే నటుడు, మూడు వేషాలు’ అని వినబడింది. 362లో అలెగ్జాండ్రియాలో అతనాసియస్ ఒక చిన్న సభ పెట్టి ‘నువ్వంటున్నది ఏమిటి?’ అని ఇరువైపులవాళ్లనీ అడిగితే చెబుతున్నది ఒకటేనని తేలింది. కప్పదొకియకు చెందిన బాసిల్, ఇద్దరు గ్రెగొరీలు ఆ మాటలకు హద్దులు గీశారు: సారం ఒకటి, హుపొస్టాసిస్ (మనం ‘వ్యక్తి’ అంటున్నది) మూడు.

తెలుగు బైబిల్ ఒక్కదాని మీదే వాదిస్తే

మన దగ్గర డిబేట్లు ఎక్కువగా పాత తెలుగు అనువాదం మీదే జరుగుతాయి. అందులో మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది ‘అద్వితీయ’. ద్వితీయోపదేశకాండం 6:4లో ‘అద్వితీయుడగు యెహోవా’. యోహాను 17:3లో ‘అద్వితీయ సత్యదేవుడు’. యోహాను 3:16లో ‘అద్వితీయకుమారుడు’. తెలుగు చదివేవాడికి మూడూ ఒకే మాట. ‘చూశావా, తండ్రి అద్వితీయుడు, కుమారుడూ అద్వితీయుడే, కాబట్టి ఒక్కరే’ అని ఒకరు నా ముందే నిరూపించేశారు. మూలంలో ఈ మూడు వేరే వేరే మాటలు. మొదటిది హీబ్రూలో ‘ఒకటి’ అనే మామూలు అంకె. రెండోది గ్రీకులో ‘ఒక్కడే అయిన’. మూడోది ‘ఒక్కగానొక్క’. నిరూపణ మొత్తం అనువాదకుడి మాట మీద నిలబడింది.

రెండోది ఆత్మ. ‘ఆత్మ వచ్చింది’ అనాలా, ‘వచ్చాడు’ అనాలా? తెలుగు వ్యాకరణం ‘వచ్చింది’ అంటుంది. పాత అనువాదం రోమా 8:26లో ‘ఆ ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపనము చేయుచున్నాడు’ అని రాసింది. అది సిద్ధాంతం తీసుకున్న నిర్ణయం, వ్యాకరణం తీసుకున్నది కాదు. విశ్వాసులు ఇంకా తెలివిగా ‘పరిశుద్ధాత్ముడు’ అనో ‘పరిశుద్ధాత్మ దేవుడు’ అనో అని గండం గట్టెక్కుతారు. గ్రీకులో ఆత్మ నపుంసకలింగం, హీబ్రూలో స్త్రీలింగం, తొలినాటి సిరియాక్ క్రైస్తవులు ఆత్మను ‘ఆమె’ అన్నారు. ఒడియాలో మాట్లాడేటప్పుడు నాకు ఈ టెన్షన్ ఉండదు, ఆ క్రియల్లో ఆడా మగా తేడా లేదు. లెక్కపెట్టేటప్పుడు మాత్రం తప్పించుకోలేను. తెలుగులో మనుషులైతే ముగ్గురు, వస్తువులైతే మూడు. ఒడియాలో మనుషులైతే ‘తిని జణ’, వస్తువులైతే ‘తినిటా’. నోరు తెరిచేసరికే ఒక పక్షం తీసుకున్నట్టవుతుంది.

మూడోది 1 యోహాను 5:7. ‘తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురు ఒక్కటే’ అన్న వాక్యం ఇంగ్లిష్ కింగ్ జేమ్స్‌లో ఉంది, మన పాత తెలుగులో లేదు. ఎవరో తీసేశారని మెసేజ్‌లు తిరుగుతుంటాయి. పాత గ్రీకు చేతిరాతల్లోనే అది లేదు, లాటిన్ వైపు నుంచి చేరింది. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో వదిలేసి, ఒత్తిడి వచ్చాక 1522లో చేర్చాడు. త్రిత్వాన్ని నమ్మే పండితులు కూడా దాన్ని ఆధారంగా చూపించరు.

ఒక చిన్న అనువాద పదం మనిషినే మార్చేసిన సందర్భమూ మన దేశంలో ఉంది. 1821లో కలకత్తాలో విలియం ఆడమ్ అనే బాప్టిస్టు మిషనరీ రామ్మోహన్ రాయ్‌తో కూర్చుని సువార్తను బెంగాలీలోకి మారుస్తున్నాడు. యోహాను 1:3 దగ్గర పేచీ వచ్చింది. సమస్తమూ వాక్యం ‘చేత’ కలిగిందా, వాక్యం ‘ద్వారా’ కలిగిందా? ‘చేత’ అంటే సృష్టికర్త, ‘ద్వారా’ అంటే సాధనం. ఆ చర్చ ముగిసేసరికి ఆడమ్ త్రిత్వాన్నే వదిలేశాడు. తోటి మిషనరీలు ‘రెండోసారి పడిపోయిన ఆదాము’ అని వెక్కిరించారు. మన తెలుగులో అక్కడ ‘ఆయన మూలముగా కలిగెను’ అని ఉంది. చేత అనుకున్నా సరే, ద్వారా అనుకున్నా సరే. గడుసు అనువాదకుడు.

త్రిమూర్తులు, సచ్చిదానందం

పొరుగువాళ్లు అడిగే ప్రశ్న: బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు లాగే కదా? రథయాత్ర రోజుల్లో ఒడియా మిత్రులు జగన్నాథ, బలభద్ర, సుభద్రలను చూపించి అదే అంటారు. మూడు అనే అంకె కలిసింది తప్ప లోపలి కట్టు వేరు. త్రిమూర్తుల్లో సృష్టి, స్థితి, లయ పంచుకున్న పనులు. త్రిత్వంలో, పైన గ్రెగొరీ చెప్పినట్టు, పనుల పంపకం లేదు. 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఒక ఉపన్యాసంలో సత్, చిత్, ఆనందాలను తండ్రి, కుమారుడు, ఆత్మలతో జత చేశాడు.  1898లో కథోలికుడైన బెంగాలీ బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ సచ్చిదానందానికి సంస్కృతంలో స్తోత్రమే రాశాడు. అందంగా ఉంటుంది. కానీ ఉనికి, జ్ఞానం, ఆనందం ఒకరితో ఒకరు మాట్లాడుకోవు, గెత్సేమనే ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

బాప్తిస్మం దగ్గర తగువు ఇంట్లోకి వస్తుంది

ఇదంతా పండితుల గోల అనుకుంటే పెళ్లి మాటలప్పుడు తెలుస్తుంది. మత్తయి 28:19లో ‘తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి’ బాప్తిస్మం ఇమ్మన్నాడు. అపొస్తలుల కార్యములు 2:38లో పేతురు ‘యేసుక్రీస్తు నామమున’ అన్నాడు. ‘నామము’ ఏకవచనం, ఆ పేరు యేసే, అపొస్తలులు చేసిందీ అదే అని ఒక పక్షం. ‘యేసు నామమున’ అంటే ఆయన అధికారంతో అని, పలకాల్సిన మాటలు మత్తయిలోవని ఇంకో పక్షం. కథోలికులూ లూథరన్లూ నీళ్లతో త్రియేక నామంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని పరస్పరం ఒప్పుకుంటారు. ‘జీసస్ ఓన్లీ’ సంఘాలు మళ్లీ తీసుకోమంటాయి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ముహూర్తం కుదిరి, శుభలేఖలు అచ్చయ్యాక, పిల్ల ఏ నామంలో మునిగిందన్న ప్రశ్న వచ్చింది. ఆ పిల్ల పన్నెండేళ్లప్పుడు నాగావళిలో మునిగింది. పాస్టర్‌గారు ఏమన్నారో నీళ్లు చెవుల్లోకి పోయి వినబడలేదని చెప్పింది. పెళ్లి జరిగింది, రెండోసారి మునిగాకే.

నేను ఇప్పటికీ సభల్లో రెండో మైకు పట్టుకుంటూనే ఉన్నాను. ఎక్కే ముందు ప్రసంగీకుణ్ని పక్కకు పిలిచి ఒక్క మాట అడుగుతాను: “అయ్యగారూ, మీరు ‘యేసే’ అన్నప్పుడు నేను ‘హిఁ’ పెట్టనా, మాననా?” చాలామంది నవ్వేస్తారు. ఒకాయన మాత్రం కాసేపు ఆలోచించి, “ఇవాళ్టికి ‘యేసు’ అనే అంటాన్లే” అన్నాడు.